పై క్లాసు అన్న ఎక్కడికి పోయాడు?

ఒక్కో పిల్లవాడికి ఒక్కో గది, గదికి తలుపు, తలుపుకి గడియ. అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లల పెంపకం ఇలా నడుస్తోంది. బడి నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల కుర్రాడు బూట్లు గరాజ్‌లో విడిచి, బ్యాగు భుజాన ఉండగానే మెట్లెక్కుతాడు. వెనకాలే తలుపు పడుతుంది. తల్లి పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉంటుంది, తండ్రి ఇంకా ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో ఉంటాడు. అన్నానికి పిలిస్తే దిగివచ్చి, ప్లేటు పట్టుకుని మళ్లీ పైకే పోతాడు. "బడి ఎలా ఉందిరా?" అంటే "ఫైన్" అంటాడు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ తృప్తి పడతారు. నాకు మాత్రం ఆ మాట మీద నమ్మకం లేదు. ఉద్యోగమంతా జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లల మధ్య గడిపినవాణ్ణి. "ఏమీ లేదు మాస్టారూ" అన్న పిల్లవాడి దగ్గరే ఏదో ఉంటుందని ఆ బడే నాకు నేర్పింది.

మా రోజుల్లో పిల్లలకు వేరే గదులెక్కడివి? వేసవి వస్తే డాబా మీద నీళ్లు చల్లి, వరసగా పక్కలు వేసేవారు. అక్కలు, అన్నలు, పెదనాన్న కొడుకులు, మేనత్త కూతుళ్లు, సెలవులకు వచ్చిన పిన్ని పిల్లలు, అందరం అక్కడే. పెద్దవాళ్లు నిద్రపోయాక అసలు మాటలు మొదలయ్యేవి. ఎవరికి ఏ సారు అంటే భయం, ఎవరిని ఎవరు ఏడిపించారు, ఎవరికి లెక్కలు రావడం లేదు, ఇంట్లో ఎవరి మీద చెయ్యి పడింది, ఇవన్నీ ఆ చీకట్లో బయటికొచ్చేవి. పక్కన పడుకున్నవాడి మొహం కనపడదు కాబట్టి చెప్పడం సులువు. విన్నవాడు తెల్లారి మనల్ని వింతగా చూడడు. వాడిదీ అదే బాధ, లేదా పోయినేడు వాడు పడి లేచిన బాధ.

బళ్లోనూ అంతే. నేను ఎనిమిదిలో ఉండగా క్వార్టర్లీ లెక్కల్లో తప్పాను. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టించుకురావాలి. ఇంటికి పోబుద్ధి కాక బడి వెనక కాలవ గట్టున కూర్చున్నాను. మా వీధిలోనే ఉండే పదో క్లాసు అన్న సైకిల్ మీద పోతూ చూసి ఆగాడు. ఏమైందని అడగలేదు. సైకిల్ స్టాండ్ వేసి పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక, "నాకూ ఎనిమిదిలోనే వచ్చాయిరా, ఇరవై రెండు మార్కులు" అన్నాడు. నన్ను వెనక క్యారియర్ మీద ఎక్కించుకుని బజార్లో గోళీ సోడా కొట్టించి, మా ఇంటికి వచ్చి, నాన్న కంటే ముందు అమ్మతో మాట్లాడాడు. ఆ సాయంత్రం నాకు తిట్లు పడ్డాయి, దెబ్బలు పడలేదు. ఆ తర్వాత నెలలో కొన్ని రోజులు వాడి దగ్గరే లెక్కలు చెప్పించుకున్నాను. వాడికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, పేరు పెట్టలేదు, సర్టిఫికెట్టూ ఇవ్వలేదు. ఊళ్లో ప్రతి పిల్లవాడికీ అలాంటి పై క్లాసు అన్నో, అక్కో ఉండేవాళ్లు.

తండ్రికి చెప్పుకుంటే మొదట కోపం వస్తుంది. మాస్టారికి చెప్పుకుంటే అది ఇంటికి చేరుతుంది. ఒకే బెంచీలో కూర్చున్నవాడికి చెప్పుకుంటే వాడూ మనలాగే బెదిరిపోయి ఉంటాడు. రెండేళ్లు పెద్దవాడు వేరు. కాలవ దాటి అవతలి గట్టుకు చేరినవాడు, నీళ్లు ఎక్కడ లోతో చెప్పగలిగినవాడు, మనం కేకేస్తే వినపడేంత దగ్గరలో ఉన్నవాడు. పిల్లవాడి బాధ మొదట తెలిసేది అటువంటివాడికే. తల్లికీ తండ్రికీ డాక్టరుకీ తెలిసేది ఆ తర్వాత. ఇన్నేళ్లు పిల్లల మధ్య గడిపాక నేను గట్టిగా చెప్పగల మాట ఇదొక్కటే.

మా రోజుల్లో అంతా సవ్యంగా ఉందని అనను. అన్న అన్నవాడల్లా మంచివాడు కాదు. హాస్టళ్లలో కొత్తగా చేరిన పిల్లల్ని సీనియర్లు పెట్టిన హింస ఎంత దూరం పోయిందంటే, దాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టమే తేవలసి వచ్చింది. ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. పరీక్ష తప్పిన ఒక కుర్రాడు మా పక్క ఊళ్లో ప్రాణం తీసుకున్నాడు. వాడు అలాంటి మాటలు అంటున్నట్టు ఇద్దరు స్నేహితులకు ముందే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వాళ్లు ఒట్టు నిలబెట్టుకున్నారు. ఆ వయసులో స్నేహమంటే అదే అనుకున్నారు. అది తప్పని వాళ్లకు చెప్పినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు. మా కాలంలో తోడు ఉంది, ఆ తోడుకి దారి చూపే పెద్దదిక్కు లేదు. ఇప్పుడు చూడబోతే పెద్దదిక్కుగా కార్యక్రమాలు, కాగితాలు బోలెడు ఉన్నాయి, పిల్లవాడి పక్కన తోడే లేదు.

ఈ దేశం లెక్కలు చూడండి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ రెండేళ్లకోసారి హైస్కూలు పిల్లల్ని అడిగి వివరాలు సేకరిస్తుంది. రెండు వారాలు ఎడతెగకుండా దిగులుగా, ఆశ లేకుండా గడిపామని చెప్పినవాళ్లు 2013లో నూటికి 30 మంది. 2021 నాటికి 42 మంది అయ్యారు. 2023లో 40. ప్రతి పదిమంది పిల్లల్లో నలుగురు. ఆడపిల్లల్లో అయితే సగానికి పైనే. ఆత్మహత్య గురించి గట్టిగా ఆలోచించామన్నవాళ్లు 2023లో ప్రతి ఐదుగురిలో ఒకరు. పిల్లల డాక్టర్ల సంఘాలు 2021 అక్టోబరులో దీన్ని జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించాయి. డిసెంబరులో అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి దేశానికి ప్రత్యేక హెచ్చరిక జారీ చేశారు.

మరి బళ్లో కౌన్సిలర్లు లేరా అంటే, ఉన్నారు. 250 మంది పిల్లలకు ఒక కౌన్సిలర్ ఉండాలని వాళ్ల సంఘమే చెబుతుంది. 2022–23లో దేశం మొత్తం మీద సగటున 385 మందికి ఒకరున్నారు. ఆ ఒక్కరే టైంటేబుళ్లు చూడాలి, కాలేజీ దరఖాస్తులకు ఉత్తరాలు రాయాలి, తగాదాలు తీర్చాలి, ఏడ్చే పిల్లవాడి కన్నీళ్లు తుడవాలి. ఎంత మంచివాళ్లయినా ఎక్కడని సరిపోతారు?

ఇక మన తెలుగు పిల్లల సంగతి. అమెరికా పిల్లలందరికీ ఉన్న బాధలు వీళ్లకూ ఉన్నాయి, పైన మనం కలిపినవి ఇంకొన్ని. వారాంతంలో ఎవరింట్లోనో పుట్టినరోజు విందు. మగవాళ్లు ఒక మూల చేరి వీసాలు, ఇళ్ల ధరలు, షేర్లు మాట్లాడుకుంటారు. ఆడవాళ్లు ఇంకో మూల చేరి ఎవరి పిల్లకు శాట్‌లో ఎంత వచ్చిందో, ఎవరి పిల్లవాడు ఏ కాలేజీలో చేరాడో లెక్క వేస్తారు. ఆ పిల్లలు పక్కనే ఉంటారు, అన్నీ వింటారు. విని ఇంకో గదిలోకి పోయి తలా ఒక ఫోన్లో తల దూరుస్తారు. పదిమంది పిల్లలు ఒకే గదిలో ఉండి ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం మా రోజుల్లో కలలో కూడా ఊహించలేదు. పెదనాన్న పిల్లలు హైదరాబాద్‌లో ఉంటారు, మేనత్త పిల్లలు సిడ్నీలో. వాళ్లు నిద్రపోయే వేళకు వీళ్లు లేస్తారు. పండక్కి వీడియో కాల్లో చెయ్యి ఊపడమే చుట్టరికం.

వీసా మీద వచ్చిన కుటుంబాల పిల్లల భారం ఇంకో రకం. నాలుగేళ్ల వయసులో వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లకు కూడా, గ్రీన్ కార్డు క్యూ కదలకపోతే, 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ హెచ్4 హోదా పోతుంది. చదువు వీసా తెచ్చుకోవాలి, లేదా తనకు గుర్తు కూడా లేని ఊరికి తిరిగిపోవాలి. పదహారేళ్ల పిల్ల దీన్ని మనసులో మోస్తూ కాలేజీ వ్యాసాలు రాస్తుంది. తండ్రితో అంటే ఆయనకు అప్పటికే నిద్ర లేదు. పక్కబెంచీ అమెరికా పిల్లకు చెబితే అర్థం కాదు. ఇదే గండం దాటిన ఇరవై రెండేళ్ల అక్క ఒకర్తి పక్కన కూర్చుని, "నేనూ భయపడ్డాను, నేనిలా చేశాను" అంటే ఎంత బలం! ఆ అక్కని వెతికి పెట్టే పని మాత్రం ఎవరూ చేయరు.

అమెరికావాళ్లను ఒక విషయంలో మెచ్చుకోక తప్పదు. పోయినదాన్ని తలుచుకుని ఊరుకోలేదు, పద్ధతి ప్రకారం మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. 1979లోనే సియాటిల్ ప్రాంతంలో 'నేచురల్ హెల్పర్స్' అనే కార్యక్రమం పుట్టింది. బళ్లో పిల్లలందరికీ ఒక కాగితం ఇచ్చి, నీకు కష్టమొస్తే ఎవరితో చెప్పుకుంటావో పేరు రాయమన్నారు. ఎవరి పేర్లు మళ్లీ మళ్లీ వచ్చాయో ఆ పిల్లల్ని పిలిచి శిక్షణ ఇచ్చారు. మాస్టారు ఎంపిక చేసిన ఫస్టు మార్కు పిల్లల్ని కాదు, తోటివాళ్లు నమ్మిన పిల్లల్ని. ఆ ఒక్క సంగతిలోనే ఎంతో తెలివి ఉంది. యూటాలో ప్రోవో పట్టణంలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన గ్రెగ్ హడ్నల్ మొదలుపెట్టిన 'హోప్ స్క్వాడ్' కూడా అదే దారిలో నడుస్తుంది. అక్కడా పేర్లు చెప్పేది తోటి విద్యార్థులే.

1980లో లాస్ ఏంజెలెస్‌లో 'టీన్ లైన్' మొదలైంది. సాయంత్రమైతే హైస్కూలు పిల్లలు ఫోన్ల ముందు కూర్చుంటారు, బాధలో ఉన్న తమ ఈడు పిల్లలు చేసే కాల్స్ తీసుకుంటారు. గదిలో వెనకే పెద్దవాళ్లు, మానసిక వైద్యంలో అనుభవం ఉన్నవాళ్లు ఉంటారు. ఒరెగన్‌లో 'యూత్‌లైన్' కూడా అంతే, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా పిల్లలే మాట్లాడతారు. 1998లో నార్త్ డకోటాలో మార్క్ లోమర్రే 'సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్' ప్రారంభించారు. దానికి ఒక చక్రం గుర్తు, ఎనిమిది భాగాలు: కుటుంబం అండ, మంచి స్నేహితులు, దారి చూపే పెద్దలు, మంచి వ్యాపకాలు, ఇచ్చే గుణం, ఆధ్యాత్మికత, ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం. నీకు వీటిలో ఏవి ఉన్నాయి, కష్టంలో దేన్ని పట్టుకున్నావు అని పిల్లలు ఒకరినొకరు అడుగుతారు. ఆ ఎనిమిదిలో మొదటి రెండూ మా వీధిలో అడక్కుండా దొరికేవి.

మా మనవరాలు పదకొండో క్లాసు. వాళ్ల బళ్లో ఇలాంటి బృందంలో చేరింది. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, "తాతయ్యా, నువ్వు నైంత్ గ్రేడ్ అబ్బాయివి. వన్ మంత్ నుంచి లంచ్ ఒక్కడివే తింటున్నావు. నేను ప్రాక్టీస్ చేయాలి" అంది. ఎదురుగా కాక పక్కకు కుర్చీ జరుపుకుంది. ఫోను బోర్లా పెట్టింది. నేను ఏదో చెప్పాను. నడుమ ఆగిపోతే తను తొందరపెట్టలేదు. సలహా ఒక్కటీ చెప్పలేదు. "అప్పుడు నీకు ఎలా అనిపించింది?" అని మాత్రం అడుగుతూ ఉంది. ఇక ఏ ఉపయోగమూ లేదనిపిస్తోందని నేను అన్నాను. అప్పుడు నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించకుండా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగింది. పొయ్యి దగ్గరున్న మా అమ్మాయి గరిటె ఆపి వెనక్కి తిరిగింది.

నేను అవునన్నాను. మనవరాలు బెదరలేదు. "చెప్పావు కదా, మంచి పని చేశావు. ఇది నా ఒక్కదాని దగ్గరే ఉంచుకోను. ఇప్పుడే ఇద్దరం కౌన్సిలర్ దగ్గరికి వెళ్దాం. నువ్వు లోపల మాట్లాడు, నేను బయట కూర్చుంటాను" అంది. పదహారేళ్ల పిల్ల! మా పక్క ఊరి కుర్రాడి స్నేహితులకు ఎవరూ నేర్పనిది సరిగ్గా ఇదే. అన్ని రహస్యాలూ కాపాడాలి, ప్రాణానికి సంబంధించిన రహస్యం మాత్రం కాపాడకూడదు.

అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదా అని మనవాళ్లు భయపడతారు. పుట్టదు. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేలమందికి పైగా హైస్కూలు పిల్లల మీద మాడెలిన్ గౌల్డ్ బృందం చేసిన పరిశోధన 2005లో అచ్చయింది. అడిగినందువల్ల పిల్లల్లో బాధ గానీ ఆ ఆలోచన గానీ పెరగలేదని తేలింది. అప్పటికే బాధలో ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల కొంత ఊరటే కలిగింది. ఆలోచన మనం అడగకముందే అక్కడ ఉంటుంది. అడిగితే దానికి బయటికొచ్చే దారి దొరుకుతుంది.

ఈ పద్ధతి పనిచేస్తుందా అని కూడా చూశారు. జార్జియా, న్యూయార్క్, నార్త్ డకోటాల్లో 18 హైస్కూళ్లలో పీటర్ వైమన్ బృందం సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్‌ను పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించింది. పెద్ద బళ్లలో శిక్షణ పొందిన పిల్లలు, ప్రమాదంలో ఉన్న స్నేహితుణ్ణి పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడం శిక్షణ లేనివాళ్ల కంటే నాలుగు రెట్లు ఎక్కువగా చేశారు. బళ్లో మిగతా పిల్లలకూ, పెద్దవాళ్లు ఆదుకుంటారన్న నమ్మకం పెరిగింది. ఇలాంటి కార్యక్రమాలన్నిటికీ ఇంత గట్టి రుజువులు లేవు. ఉన్నచోట మాత్రం దారి స్పష్టంగా కనిపిస్తోంది: తోటి పిల్లవాడు వైద్యం చేయడు, వైద్యం దగ్గరికి చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు.

ఇక్కడ నా అసలు కోపం చెప్పాలి. ఇంత మంచి పనిని మనవాళ్లు ఏం చేస్తున్నారు? కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి గంటల లెక్క చేస్తున్నారు. "ఎన్ని వాలంటీర్ అవర్స్ ఇస్తారు? సర్టిఫికెట్ ఇస్తారా?" ఇవీ తల్లిదండ్రుల మొదటి ప్రశ్నలు. పరీక్షలు దగ్గరపడితే, "ఈ వారం మానెయ్, వచ్చే వారం వెళ్దువులే" అంటారు. అటు కిందిక్లాసు పిల్లవాడు బల్ల దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటాడు. వాడికి ఏం అర్థమవుతుంది? నన్ను పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరని మరోసారి అర్థమవుతుంది.

ఇది నా ఊహ కాదు. టెక్సస్ విశ్వవిద్యాలయం సాన్ ఆంటోనియోలో మైకేల్ కార్చర్ హైస్కూలు పిల్లలు చిన్నపిల్లలకు తోడుండే కార్యక్రమాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. 2005లో ఆయన ప్రకటించినదేమిటంటే, తోడుగా రావలసిన పెద్దపిల్లలు క్రమం తప్పకుండా వస్తే చిన్నవాళ్లకు తమ మీద తమకు గౌరవం పెరుగుతుంది. రావడం మానితే ఆ గౌరవం దెబ్బ తింటుంది. 2002లో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ చేసిన అధ్యయనమూ ఇంచుమించు ఇదే చెప్పింది: మూడు నెలలు కూడా నిలవని తోడు పిల్లవాడికి మేలు కంటే కీడే చేస్తుంది. ఒక పిల్లవాడి నమ్మకం తీసుకుని మధ్యలో వదిలేయడం పాపం. మీ పిల్లకు ఆ పని మీద మనసు లేకపోతే చేర్చకండి. చేర్చాక మానిపించకండి.

రెండో కోపం దాచిపెట్టడం మీద. బళ్లో ఈ బృందంలో చేరడానికి అనుమతి కాగితం ఇంటికొస్తే, "మనకెందుకమ్మా ఇలాంటి గొడవలు, నలుగురికీ తెలిస్తే మన పిల్లకే ఏదో ఉందనుకుంటారు" అని సంతకం పెట్టనివాళ్లను నేను చూశాను. ఆ నలుగురి ఇళ్లలోనూ పిల్లలున్నారు. ఆ నలుగురూ ఇదే భయంతో నోరు మూసుకున్నారు. కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్‌లో సాయంత్రం లేక్ ఎలిజబెత్ చుట్టూ నడిచే మా ఈడువాళ్లం మోకాళ్ల నొప్పుల గురించి, షుగర్ గురించి గంటలు మాట్లాడుకుంటాం. మనవడికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఒక్కరూ అనరు.

నోరు మూసుకుంటే ఏమవుతుందో మాకు శాన్‌ఫ్రాన్సిస్కో బే అవతలే కనిపించింది. పాలో ఆల్టోలో 2009లోనూ, మళ్లీ 2014–15లోనూ వరసగా హైస్కూలు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశంలోకెల్లా పేరున్న బళ్లు, చదువుకున్న తల్లిదండ్రులు, డబ్బుకి లోటు లేని ఊరు. 2016లో సీడీసీ నిపుణులు వచ్చి పరిశీలించవలసి వచ్చింది. ఆ దుఃఖంలోంచి గన్ హైస్కూల్ పిల్లలు ఒకరినొకరు కనిపెట్టుకునే బృందం కట్టుకున్నారు. స్టాన్‌ఫర్డ్ చొరవతో 2021లో అక్కడ 'ఆల్‌కోవ్' కేంద్రం తెరిచారు. 12 నుంచి 25 ఏళ్ల వాళ్లు అపాయింట్‌మెంట్ లేకుండానే లోపలికి నడిచి వెళ్లవచ్చు. గోడల రంగు దగ్గర నుంచి పేరు దాకా పిల్లల సలహా తీసుకున్నారు. పెద్దవాళ్లు కళ్లు తెరిచేసరికి ఆ ఊరు చెల్లించిన మూల్యం ఎంతో! ఇంకో ఊరు అంత మూల్యం చెల్లించి నేర్చుకోనక్కర్లేదు.

మన తెలుగువాళ్లకు ఇక్కడ సంఘాలకు కొదవ లేదు. తానా 1977 నుంచి ఉంది, ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. మహాసభలంటే వేలమంది చేరతారు, సినిమావాళ్లు వస్తారు, మూడు రోజులు భోజనాలు. అలాంటి సభలో పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు ఒక హాలు ఇవ్వండి. వేదిక, మైకు, ఉపన్యాసాలు వద్దు. కాలేజీలో చేరిన పిల్లలు ఒక పాతికమందిని ముందే పిలిచి, శిక్షణ ఇప్పించి, చిన్నవాళ్లతో కూర్చోబెట్టండి. బయట ఒక మానసిక వైద్యుణ్ణి ఉంచండి. మనలో డాక్టర్లకు తక్కువా? సభ అయిపోయాక ఆ జతలు విడిపోకుండా నెలనెలా పలకరింపు నడిపించండి. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి వారాంతాల్లో వేలమంది పిల్లలకు తెలుగు నేర్పుతోంది. ఒకే ఈడు, ఒకే రకం ఇళ్లు, ఒకే రకం చిక్కులున్న పిల్లలు వారంవారం ఒకచోట చేరుతున్నారు. అక్కడ చదువు ముగించిన పెద్దపిల్లలు కిందివాళ్లకు తోడుగా నిలవడానికి అంతకన్న మంచి చోటు ఏముంది? న్యూజెర్సీలో డాక్టర్ వాసుదేవ్ మఖీజా స్థాపించిన 'సామ్‌హిన్' దక్షిణాసియా కుటుంబాల మానసిక ఆరోగ్యం కోసమే పనిచేస్తోంది. అలాంటివాళ్లను పిలిచి సలహా అడిగితే వాళ్లు కాదనరు.

మన దేశంలో మాత్రం పరిస్థితి బాగుందా? 2022లో దేశంలో 13 వేలమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలే చెబుతున్నాయి. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో పి.వి. నరసింహారావుగారి చొరవతో తొలి గురుకుల పాఠశాల తెరిచినప్పుడు, పల్లెటూరి పిల్లలు ఒకే కప్పు కింద కలిసి బతికి చదువుకోవాలన్నది ఉద్దేశం. ఇవాళ హాస్టళ్లలో వేలమంది పిల్లలు కలిసి ఉంటున్నారు, పక్క మంచం మీదివాడు మాత్రం ర్యాంకులో పోటీదారు. 2014లో కేంద్రం ప్రారంభించిన కిశోర ఆరోగ్య పథకంలో 'సాథియా' పేరుతో తోటి పిల్లలకే శిక్షణ ఇచ్చి పల్లెల్లో నియమించాలని ఉంది. ఆలోచన బంగారం లాంటిది. దాన్ని ప్రతి హాస్టల్ వరండాలోకీ తీసుకెళ్లాలి. ప్రతి గదిలో ఒక సీనియర్‌కు, మా మనవరాలు నేర్చుకున్న ఆ నాలుగు మాటలూ నేర్పాలి.

తల్లిదండ్రులారా, ఈ వారమే చేయగల పనులు చెబుతాను. మీ పిల్లల బళ్లో ఇలాంటి బృందం ఉందో లేదో కనుక్కోండి. ఉంటే అనుమతి కాగితం మీద సంతకం పెట్టండి. లేకపోతే పది కుటుంబాలు కలిసి ప్రిన్సిపాల్‌ను అడగండి. విందుకి పిలిచినప్పుడు ఎవరి పిల్లల మార్కులూ ఎత్తకండి. కాలేజీలో చదువుతున్న పక్కింటి అన్ననో అక్కనో వేసవి సెలవుల్లో ఇంటికి పిలిచి, పిల్లలతో వదిలి మీరు బయటికి నడవండి. మీ పిల్లవాడు స్నేహితుడి గురించి భయపడుతూ మీ దగ్గరికి వస్తే, ఆ క్షణాన మిగతా పనులన్నీ ఆపి వినండి, చెప్పినందుకు మెచ్చుకోండి. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే ఆలస్యం చేయకండి. అమెరికాలో 2022 జులై 16 నుంచి 988 నంబరు పనిచేస్తోంది. పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. ఇండియాలో టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ ఇవాళే మీ ఫోన్లో వేసుకుని, మీ పిల్లల ఫోన్లలోనూ వేయించండి.